లాగే ముందు ఆపే సంగతి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను "మీ ఉద్యోగ అనుభవాలు చెప్పండి" అన్నారు. ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగమంతా బండ్ల బ్రేకులను పరీక్షించడమే. బండి ఎంత వేగంగా పోతుందో చూసే ఇంజనీర్లు వేరే ఉంటారు. అది ఎక్కడ ఆగుతుందో కొలిచేవాళ్లలో నేనొకణ్ణి. ఆ అనుభవాలు ఊరికే చెప్తే మీకు నిద్ర వస్తుంది. అందుకని మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో మీరు చెయ్యి ఎత్తబోయే ఒక తీర్మానం గురించి మాట్లాడతాను.

తీర్మానం మీ అందరికీ తెలుసు. స్వర్ణోత్సవ కానుకగా ఒక సంచార విజ్ఞానశాల తయారు చేయాలి. రెండు చక్రాల ట్రైలరు మీద గది లాంటి డబ్బా కట్టించి, అందులో సూక్ష్మదర్శినులు, కటకాలు, బ్యాటరీలు, పటాలు పెట్టి ధారూరు, పెద్దేముల్, యాలాల మండలాల బడులకు తీసుకెళ్లాలి. దాన్ని లాగడానికి మన సభ్యుడొకరు తన ఇంటి కారునే ఇస్తానన్నారు. పెద్ద మనసు. ఆలోచన కూడా మంచిది. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టకుండానే పదో తరగతి దాటే పిల్లలు ఇవాళ్టికీ ఉన్నారు.

ఈ ఆలోచన ఇంగ్లండు నుంచి వచ్చింది. మన మిత్రుడు అక్కడ ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు, ఒక చిన్న కారు వెనక కారవాన్ కట్టుకొని సెలవులకు వెళ్తున్న కుటుంబాన్ని చూశాడు. కారవాన్ అంటే చక్రాల మీది ఇల్లు. మంచాలు, చిన్న వంటగది, నీళ్ల తొట్టి అన్నీ అందులోనే ఉంటాయి. దానికి ఇంజను ఉండదు, కారే లాగాలి. ఆ ఫోటో నాకు పంపి, "వాళ్ల కారు లాగంగ లేనిది మన కారు ఎందుకు లాగది?" అని రాశాడు. ప్రశ్న సరైనదే. నేను కూడా ఉద్యోగం మీద అక్కడ కొన్నాళ్లు ఉన్నాను. తోటి ఇంజనీరు కారవాన్ వెంట ఒకసారి ప్రయాణం చేశాను. అందుకే ఆ ప్రశ్నను లెక్కలతో చూద్దామనుకున్నాను.

ముందు బరువు. కారు ఖాళీ బరువు 850 కిలోలు. ఇద్దరు మనుషులు, పెట్రోలు, సామాను కలిస్తే 1000 అనుకుందాం. ఇక ట్రైలరు. కమిటీ ఇచ్చిన పట్టిక చూశాను. ఇనుప చట్రం, చక్రాలు, డబ్బా, అల్మారాలు, ఇన్వర్టరు, బ్యాటరీలు, వంద లీటర్ల నీళ్లు, పుస్తకాలు. నీళ్లే వంద కిలోలు. ఆ పట్టిక చివర్లో "ప్రయోగాల బల్ల, పైన తాండూరు బండ" అని ఉంది. మన ఊరి రాయి లేకుండా మన సైన్సు బండి ఎట్లా అని ఎవరో అభిమానంతో రాసినట్టున్నారు. లెక్క చూడండి. సున్నపురాయి ఘనమీటరుకు సుమారు 2,650 కిలోలు తూగుతుంది. ఒక్క అంగుళం మందం బండ ఒక చదరపు అడుగుకు ఆరుంపావు కిలోలు. రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు బల్ల పైకప్పు అంటే 12 చదరపు అడుగులు, 75 కిలోలు. అంటే కారులో ఇంకో పెద్దమనిషిని ఎక్కించుకున్నట్టే. మొత్తం కూడితే 700 కిలోలు తేలింది.

కారు, ట్రైలరు కలిపి 1700 కిలోలు. కారు దీన్ని లాగుతుందా?

వికారాబాదు నుంచి తాండూరు పోవాలంటే అనంతగిరి ఘాట్ దాటాలి. మూసీ పుట్టిన గుట్టలు అవి. కాగ్నా కూడా అక్కడే పుట్టి పడమరకు, తాండూరు వైపు పోతుంది. మన దేశంలో కొండ ప్రాంతపు రోడ్లను మామూలుగా ఇరవై మీటర్లకు ఒక మీటరు ఎక్కేటట్టు వేయాలన్నది ఇంజనీర్ల నియమం. ఆ వాలునే తీసుకుందాం. 1700లో ఇరవయ్యో వంతు 85. అంటే ఆ ఎక్కుడు మీద 85 కిలోల బరువును నిలువునా పైకి గుంజినంత బలం కావాలి. టైర్లు దొర్లడానికి ఇంకో పాతిక కిలోల బలం. మొత్తం 110. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే దీనికి పదహారు, పదిహేడు గుర్రాల శక్తి సరిపోతుంది. ఇవాళ్టి చిన్న కారు ఇంజనుకు అరవైకి పైగా గుర్రాల శక్తి ఉంది. క్లచ్ కాస్త కాలవచ్చు, ఎక్కుడు మధ్యలో ఆగి మళ్లీ బయలుదేరితే వాసన కూడా వస్తుంది. అయినా లాగుతుంది. మా మిత్రుడు గెలిచినట్టే.

ఇక్కడే నేను 1984కు వెళ్లాలి. అప్పుడు మేము తొమ్మిదో తరగతి. ఒక సోమవారం పొద్దున బడికి వచ్చేసరికి అందరి నోటా ఒకటే మాట. ఘాట్ దిగుతుంటే బండల ట్రాక్టరు బోల్తా పడింది. ట్రాలీ నిండా తాండూరు బండలు. నాలుగు వందల చదరపు అడుగులు ఉంటాయన్నారు. ఆరుంపావుతో గుణిస్తే రెండున్నర టన్నులు. ట్రాలీ బరువు అదనం. ముందున్న ట్రాక్టరు రెండు టన్నులు కూడా ఉండదు. డ్రైవరు మా తరగతి పిల్లవాడి తండ్రి. ప్రాణం దక్కింది కానీ కాలు పోయింది. ఆ పిల్లవాడు ఆ ఏడాదే బడి మానేసి బండల గనిలో పనికి పోయాడు. ఈ స్వర్ణోత్సవానికి మనం చిరునామాలు వెతికి పంపిన ఆహ్వానాల్లో అతనిదీ ఒకటి. వచ్చాడో లేదో నాకు తెలియదు. వచ్చి ఉంటే, ఈ మాటలు ముందుగా అతనికే.

ఆ రోజు సారు పాఠ్యపుస్తకం తెరవలేదు. నన్ను లేపి ముందుకు రమ్మన్నారు. అప్పుడు నేను ఎంత సన్నగా ఉండేవాణ్ణో ఇప్పుడు చెప్తే మీరు నమ్మరు. నా వెనక తరగతిలో అందరికంటే లావుగా ఉన్నవాణ్ణి నిలబెట్టి, చేతులు నా భుజాల మీద పెట్టమన్నారు. ఇద్దర్నీ గబగబా నడవమని, నా ఒక్కడికే చెవిలో "నేను చప్పట్లు కొట్టంగనే ఆగు" అని చెప్పారు. చప్పట్లు కొట్టారు. నేను ఆగాను. ఆ వెంటనే నల్లబల్ల కింద బోర్లా పడ్డాను.

"ఎవడు తోసిండ్రా నిన్ను?" అని అడిగారు.

"వీడే సార్" అన్నాను ఏడుపు మొహంతో.

"వాడు తొయ్యలే. ఆగలే. అంతే" అన్నారు.

మళ్లీ నడిపించారు. ఈసారి చప్పట్ల సంగతి ఇద్దరికీ చెప్పారు. ఇద్దరం ఆగాం. ఎవరూ పడలేదు. "ట్రాలీకి గూడ బ్రేకు ఉంటె మీ దోస్తు నాయినకు కాలు ఉండు" అన్నారు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. నేను తర్వాత ఈ ఉద్యోగంలోకి రావడానికి ఆ గంట ఒక కారణం.

మన చుట్టుపక్కల పొలాల్లో, గనుల్లో తిరిగే ట్రాలీల్లో చాలావాటికి ఇవాళ్టికీ సొంత బ్రేకు లేదు. బరువంతా ముందున్న బండి బ్రేకుల మీదే పడుతుంది. మన విజ్ఞానశాల గీసిన నమూనాలో కూడా ట్రైలరుకు బ్రేకు లేదు. నన్ను కలవరపెట్టింది అదే.

లెక్క చెప్తాను. మంచి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేస్తే కారు ఒక్కటే 20 మీటర్లలో ఆగుతుందనుకోండి. వెనక బ్రేకు లేని 700 కిలోలు ఉంటే, అవే నాలుగు టైర్లు 1000 కిలోల బదులు 1700 కిలోలను ఆపాలి. దూరం 34 మీటర్లు అవుతుంది. డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళ్లే ఒక్క సెకనులో బండి పోయే 17 మీటర్లు రెండు లెక్కల్లోనూ అదనం. ఆ పెరిగిన 14 మీటర్లలో బడి నుంచి ఇంటికి పోయే పిల్లలు ఉండవచ్చు.

మలుపులో అయితే ఇంకో ప్రమాదం. వెనక నుంచి ట్రైలరు కారును నేరుగా తొయ్యదు, ఏటవాలుగా తోస్తుంది. కారు వెనక భాగం పక్కకు జారి, కారూ ట్రైలరూ మడత కత్తిలా ముడుచుకుంటాయి. ట్రాక్టరు విషయంలో జరిగింది అదే. తడి రోడ్డు అయితే చెప్పనవసరం లేదు.

ఇక వేడి. వంద మీటర్ల ఎత్తు దిగితే, 1700 కిలోల బరువు వదిలే శక్తి అయిదున్నర లీటర్లకు పైగా నీళ్లను మరిగించగలదు. ఆ వేడి ఎక్కడికో పోవాలి. డ్రైవరు కాలు బ్రేకు మీదే పెట్టుకొని దిగితే అదంతా బ్రేకుల్లోకే పోతుంది. ఎర్రగా కాలిన బ్రేకు పట్టదు. లోపలి నూనె మరిగితే పెడల్ మెత్తగా అడుగుకు పోతుంది. అందుకే ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ ఆ గేరే వాడాలి. అప్పుడు ఇంజను కొంత భారం మోస్తుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగే అలవాటు మన దగ్గర ఉంది. నలభై రూపాయల డీజిలు కోసం ఉన్న ఒక్క సాయాన్నీ వదులుకోవడం అది.

మా మిత్రుడు ఊరుకునేవాడు కాదు. చదివి వచ్చాడు. "ఇంగ్లండులో కారవాన్ క్లబ్బుల వాళ్లు కారు ఖాళీ బరువులో 85 శాతం దాకా లాగొచ్చు అంటరు. 850కి 722 అయితది. మనది 700. ఇంకేంది?" అన్నాడు. గుణకారం తప్పు కాదు. ఆ సలహా నిజమే. కానీ అది సొంత బ్రేకు ఉన్న కారవాన్‌కు, అదీ కారు తయారు చేసినవాళ్లు అంత బరువు లాగవచ్చని రాసి ఇచ్చినప్పుడు. బ్రేకు లేని ట్రైలరుకు అక్కడ చట్టమే వేరు. కారు ఖాళీ బరువులో సగం, లేదా 750 కిలోలు, రెండింటిలో ఏది తక్కువైతే అది. మన కారుకు సగం అంటే 425. మన ట్రైలరు 700. ఫోటోలో కనపడని బ్రేకు దగ్గరే తేడా అంతా ఉంది.

ఆ కారవాన్ బ్రేకు ఎట్లా పనిచేస్తుందో చెప్తాను, చాలా ముచ్చటగా ఉంటుంది. కారు నెమ్మదించగానే కారవాన్ ముందుకు వచ్చి కొక్కేన్ని తోస్తుంది. ఆ తోపే ఒక కడ్డీని నొక్కి కారవాన్ చక్రాల బ్రేకులను బిగిస్తుంది. ఎంత తోస్తే అంత బిగుస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు, డ్రైవరు ఏమీ చేయనవసరం లేదు. ఇంకా ఒక సన్నటి ఇనుప తీగ కారుకు కట్టి ఉంటుంది. కొక్కెం ఊడిపోతే ఆ తీగ బ్రేకును లాగి పట్టేసి, తర్వాత తెగుతుంది. కారవాన్ తనంత తానే ఆగుతుంది.

వికారాబాదు జంక్షన్‌లో ఆడుకున్న మనకు ఇది కొత్త కాదు. డబ్బాకూ డబ్బాకూ మధ్య వేలాడే రబ్బరు గొట్టాలు గుర్తున్నాయి కదా? రైలులో ప్రతి డబ్బాకూ బ్రేకు ఉంటుంది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. మొదటి పద్ధతిలో గొట్టం తెగితే బ్రేకు పోయేది. కొన్నేళ్లకే ఆయన దాన్ని తిరగేశాడు. గొట్టంలో గాలి ఉన్నంతసేపు బ్రేకు వదులుగా ఉంటుంది, గాలి పోతే బిగుస్తుంది. రైలు మధ్యకు తెగినా రెండు ముక్కలూ ఆగుతాయి. కారవాన్ తీగలో ఉన్నదీ ఆ తెలివే.

బ్రేకు తర్వాత సర్దుడు. దీనికి ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు, ఎడ్లబండి చాలు. బరువు వెనక ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి ఎడ్ల మెడలకు ఉరి పడుతుంది. ముందు ఎక్కువ వేస్తే మెడలు కుంగుతాయి. ఇరుసు మీద బరువంతా పెట్టి కాడి మీద కొంచెం ఆనేట్టు సర్దేవాడే బండి తోలడం వచ్చినవాడు. కారవాన్‌కూ అంతే. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం కొక్కెం మీద ఆనాలని చెప్తారు. 400 కిలోల ట్రైలరుకు 20 నుంచి 28 కిలోలు. ఇంట్లో ఒళ్లు తూచుకునే మిషను కొక్కెం కింద పెట్టి చూసుకోవచ్చు. వెనక బరువు ఎక్కువైతే ట్రైలరు కుక్క తోకలా ఊగడం మొదలుపెడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది. అప్పుడు వేగం పెంచకూడదు, బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగుతో పోట్లాడకూడదు. కాలు మెల్లగా తీసి, చక్రం నిటారుగా పట్టుకోవాలి. మామూలు కారు 60 మైళ్ల వేగంతో పోగల ఒంటి రోడ్ల మీద, కారవాన్ కట్టిన కారుకు ఇంగ్లండులో 50 మైళ్లే హద్దు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

చివరగా చట్టం. మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే. రిజిస్ట్రేషను కావాలి. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని అదే చట్టం 52వ సెక్షను చెప్తుంది. కాబట్టి వెల్డింగు షాపులో కారు కింద కొక్కెం అతికించడం అంత తేలిక పని కాదు. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మొదట అడిగేదీ అదే. అన్నిటికంటే ముందు కారుతో ఇచ్చిన పుస్తకం తెరవండి. ట్రైలరు లాగవద్దని అందులో ఉంటే చర్చ అక్కడికి ముగిసింది. మన మిత్రుడి కారు పుస్తకం నిన్న రాత్రి ఇద్దరం కలిసి చదివాం. లాగవద్దనే ఉంది.

అందుకే, ఇంత మంచి ఆలోచనకు అడ్డుపడినట్టు అనిపించినా, ఇప్పుడున్న రూపంలో తీర్మానానికి నేను చెయ్యి ఎత్తలేను. దాని బదులు మూడు మాటలు కమిటీ ముందు పెడుతున్నాను.

ఒకటి. ఈ ఏడాది ట్రైలరు వద్దు. పరికరాలన్నీ ఆరు ట్రంకు పెట్టెల్లో సర్దుదాం. ఒక్కో పెట్టె ఇద్దరు పిల్లలు మోయగలిగేంత, 25 కిలోలు దాటకుండా. మొత్తం 150 కిలోలు. బల్లలు, నీళ్లు, కరెంటు ఏ బడికి వెళ్తే ఆ బడిలోనే ఉంటాయి. చిన్న సరుకు బండి అద్దెకు తీసుకుంటే చాలు. మిత్రుడు ఇస్తానన్న కారులో సైన్సు టీచర్లను తీసుకెళ్దాం.

రెండు. వచ్చే ఏడు నిజంగా సంచార గదే కావాలనుకుంటే, లాగడానికి తయారీదారు అనుమతి ఉన్న బండి చూద్దాం. ట్రైలరు సొంత బ్రేకు, తెగితే పట్టే తీగ, వెనక దీపాలు, రిజిస్ట్రేషను ఉన్నదై ఉండాలి. పరీక్ష నేను చేస్తాను. ముందు ఖాళీగా, తర్వాత మన బండలనే తూకపు రాళ్లుగా పెట్టి, చదునైన మైదానంలో. ఘాట్ సంగతి ఆ పరీక్షలన్నీ నెగ్గాకే.

మూడు. ఆ ఆరు పెట్టెల్లో ఒకదాంట్లో బ్రేకుల పాఠం ఉండాలి. ఒక వాలు చెక్క, రెండు చిన్న చక్రాల బండ్లు, ఒకదానికి బ్రేకు ఉన్న ట్రాలీ, ఇంకోదానికి లేనిది. ఇది తయారు చేసి ఇవ్వడం నా పూచీ. మనం వెళ్లే ఊళ్లలో పిల్లల తండ్రులు ట్రాక్టర్లు నడుపుతారు, బండలు మోస్తారు. పిల్లలు ఇంటికి పోయి చెప్తే మనం చెప్పినదాని కంటే ఎక్కువ పనిచేస్తుంది. తాండూరులో ట్రాలీలు తయారు చేసే షాపుల వాళ్లను కూడా ఒకరోజు పిలిచి బ్రేకు పెట్టడానికి ఎంత ఖర్చవుతుందో మాట్లాడదాం. ఈ సంఘంలో గని యజమానులు ఉన్నారు. మొదటి బ్రేకు ట్రాలీ వాళ్లలో ఎవరిదైనా అయితే నేను సంతోషిస్తాను.

ఒక్క మాట చెప్పి దిగుతాను. ఆ రోజు తరగతిలో నా వెనక నిలబడి నన్ను బోర్లా పడేసిన లావుపాటి పిల్లవాడే ఈ కారు ఇస్తానన్న మిత్రుడు. నిన్న రాత్రి పుస్తకం మూసేసి, "ఈసారి ముందుగాల నాకు గూడ చెప్పినవ్ లే" అన్నాడు. తీర్మానాన్ని సవరించి మధ్యాహ్నం అతనే ప్రవేశపెడతానన్నాడు. సారు అనుమతిస్తే, ఆ బ్రేకుల పెట్టె మొదటి ప్రదర్శన మేమిద్దరం ఇక్కడే, మన పాత తొమ్మిదో తరగతి గదిలో చేస్తాం. నేను ముందే నిలబడతాను.